విశాఖలో జొన్నరొట్టెలు

స్వరూపకు సముద్రం మీద పెద్ద మోజేమీ లేదు. నీళ్లు నీళ్లే కదా, జూరాల డ్యాం గేట్లెత్తినప్పుడు చూసింది చాలనుకునేది. ఆమె మోజల్లా కూర్చుని తినడం మీద. ఎవరో వండి, ఎవరో వడ్డిస్తే, తాను బాసింపట్టు వేసుకుని తాపీగా ఒక్కపూట తినాలి. అది కూడా తమ వైపు దొరకనిదేదో తినాలి. పెళ్లయ్యాక బంతి భోజనాలకు వెళ్లకపోలేదు. అయితే అక్కడా చంకలో పిల్లో, చేతిలో గరిటో ఉండేది. ఇంట్లోనైతే చెప్పనే అక్కర్లేదు. అందరూ తిని లేచాక, గిన్నె అడుగున మిగిలింది పొయ్యి పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని మింగడాన్ని భోజనం అనడానికి ఆమెకు మనసొప్పేది కాదు.

ఇంత చిన్న కోరిక తీరడానికి గద్వాల నుంచి విశాఖపట్నం దాకా పోవాలా అంటే, పోవాలి. ఊళ్లో ఉన్నంతకాలం అది తీరేది కాదని ఆమెకు బాగా తెలుసు.

గద్వాల చుట్టుపక్కల పత్తి విత్తనాలు పండించే ఇళ్లలో ఆడవాళ్ల గోళ్లు చూస్తే చాలు, పని ఎంత సాగిందో చెప్పేయొచ్చు. శ్రావణం నుంచి దసరా దాకా సాయంత్రాలు ఆడచెట్ల మొగ్గలను గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి కాడలు తీసెయ్యాలి. తెల్లారి మగపూలు కోసుకొచ్చి వాటికి రాయాలి. క్రాసింగ్ అంటారు దాన్ని. ఏ నాలుగు మొగ్గలు అజాగ్రత్తగా వదిలేసినా విత్తనంలో కల్తీ వచ్చిందని కంపెనీవాళ్లు పంటంతా తిప్పి పంపుతారు. ఆ ఏడు స్వరూప చేను విత్తనం ఒక్క మచ్చ లేకుండా పాసైంది. కంపెనీకీ రైతులకూ మధ్య తిరిగే ఆర్గనైజరు లక్ష్మణ్ ఇంటికొచ్చి, గడప మీద కూర్చుని, "నాగప్పన్నా, నీ చెయ్యి మంచిదే," అన్నాడు. చేలో ఒక్క మొగ్గ కూడా ముట్టని స్వరూప మొగుడు నాగప్ప మీసం దువ్వుకుని నవ్వాడు. లోపల చాయ్ వడపోస్తున్న స్వరూపకు ఒళ్లు మండింది గానీ, ఆ తర్వాతి మాట విని మంట చల్లారింది.

"పాసైనోళ్లందర్ని కంపెనీ విశాఖపట్నం తోల్కపోతుంది అన్నా. ఇంటికి ఇద్దరు. బీచి, కైలాసగిరి, నీళ్లల్ల మునిగే ఓడ, ఆఖర్ల సింహాచలం. ఇగ ఆడ చేపల పులుసు తింటే జన్మల మర్వవు. మన కృష్ణల చేప గాదు, సముద్రం చేప. దాని రుచే వేరు," అన్నాడు లక్ష్మణ్.

స్వరూప చాయ్ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ రోజు నుంచి ఆమెకు కలలో కూడా పులుసు గిన్నే కనిపించింది. పిల్లలిద్దరినీ కోడేరులో తన తల్లి దగ్గర వదిలిపెట్టింది. తల్లి ఆమె చేతిలో ఒక నోటు పెట్టి, "నీకిష్టమైంది కొనుక్కో, ఇంట్లకని ఖర్చు పెట్టకు," అంది. ఆ నోటు రవికెలో దోపుకుని వచ్చింది స్వరూప.

చిక్కు బయల్దేరే ముందే మొదలైంది. ఇంటికి ఇద్దరన్నారు గానీ, సింహాచలం పేరు వినగానే అత్త పెంటమ్మ మూడో మనిషిగా తయారైంది. ఆమె పుట్టిల్లు రాయచూరు వైపు. నోట్లో ఇప్పటికీ రెండు కన్నడ మాటలు మిగిలాయి. ఇలవేల్పు మాత్రం సింగోటం నరసింహస్వామి. సింహాచలంలో ఉన్నదీ ఆ స్వామే కదా, కోడలు చూడగా తాను చూడకుండా ఎలా ఉంటుంది?

బస్సు దగ్గర జనం పోగైనప్పుడు పెంటమ్మ అందరికీ వినబడేటట్టు చెప్పింది.

"ఇది దేవుని తోవ. దర్శనం అయ్యేదాంక ఎవ్వరు నీసు ముట్టొద్దు. దర్శనం అయినంక యాడ ఆగొద్దు, సీదా ఇంటికే పోవాలె."

అందరూ తలలూపారు. కొత్త సంగతేమీ కాదు, తరతరాలుగా నడుస్తున్న పద్ధతే. సింగోటం జాతరకు పొద్దున్నే పోయి, సాయంత్రానికి ఇల్లు చేరి, అప్పుడు పొట్టేలును కోసేవాళ్లు. ఒక్కపూట యాత్రకు ఆ నియమం చక్కగా సరిపోయేది. సముద్రం పక్కన రోజుల తరబడి తిరిగి, చివర్న దేవుణ్ణి చూసే యాత్ర ఆ ఊళ్లో ఎవరూ చేసి ఎరుగరు. అందుకే తలలూపిన వాళ్లలో ఎవరికీ చిన్న లెక్క తట్టలేదు. దర్శనానికి ముందు నీసు ముట్టకూడదు. దర్శనం తర్వాత ఆగకూడదు. మరి ఆ చేపల పులుసు తినేదెప్పుడు?

ఆ లెక్క స్వరూపకు తట్టింది. బస్సు మెట్టు మీద ఉన్న లక్ష్మణ్ దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగింది.

"అన్నా, సింహాచలం ముంగట వెడితే ఏమైతది? దిగంగనే దేవుణ్ణి చూస్తే, తర్వాత ఏదన్న తినొచ్చు తాగొచ్చు."

"గట్లెట్ల వదినా. రూములు, గైడు, అన్ని మాట్లాడినం. దేవుడు ఆఖర్లనే మంచిగుంటడు. అట్ల చూసుకోని ఇట్ల ఇంటికి," అన్నాడు లక్ష్మణ్, నాగప్ప వైపు చూస్తూ. ఆడమనిషి అడిగినదానికి మగవాడి మొహం చూసి జవాబు చెప్పడం అతని అలవాటు.

రెండో చిక్కు బస్సు పైకెక్కింది. గ్యాసు పొయ్యి, సిలిండరు, బియ్యం మూట, పల్లీల కారం డబ్బాలు, రొట్టెల పెంక, అన్నిటికంటే పెద్దది జొన్నపిండి సంచి. హోటలు తిండి పడదనీ, పరాయి నీళ్లతో వండింది తింటే కడుపు చెడుతుందనీ పెద్దవాళ్లు తీర్మానించారు. వండుకునే నీళ్లు కూడా పరాయివే కదా అని ఎవరూ అడగలేదు. "ఆడోళ్లందరు కల్సి తలా ఒక చెయ్యి వేస్తే అయిపాయె," అన్నారు మగవాళ్లు.

తలా ఒక చెయ్యి ఎలా వేశారో కర్నూలు దాటిన తర్వాత మొదటి మజిలీలోనే తెలిసిపోయింది. పొయ్యి దింపగానే పక్కింటి జంగమ్మకు తల తిరిగింది. ఇంకొకామెకు చంటిపిల్ల ఏడ్చింది. మరొకామె రొట్టె కొడితే అంచులు పగిలి ముక్కలైంది. స్వరూప ఊరుకోలేక పిండిని ఉడుకునీళ్లతో కలిపి, మెత్తగా మర్దించి, గుండ్రంగా కొట్టి పెంక మీద వేసింది. రొట్టె పూరీలాగా పొంగింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆహా అన్నారు.

"స్వరూప చేతి రొట్టె తిన్నంక ఇంకొకరిది నోట్లెకు పోదు," అంది జంగమ్మ, తల తిరగడం ఆగిపోయి.

ఆ మెచ్చుకోలుతో స్వరూప పని ఖాయమైంది. ఆ తర్వాత బస్సు ఎక్కడ ఆగినా పొయ్యి దింపేవాడు ముందు స్వరూప పేరే పిలిచాడు.

విశాఖపట్నంలో సత్రం పెద్దదే, బీచికి దగ్గరదే. సముద్రపు హోరు వినబడుతుంది. స్వరూప పొయ్యి పెట్టింది మాత్రం వెనక వరండాలో. అక్కడినుంచి కనిపించేది పక్కింటి గోడ, దాని మీద ఆరేసిన ఎవరివో లుంగీలు. జ్యేష్ఠమాసపు ఉక్కపోత. ఊళ్లో ఎండ ఎంత కాసినా చెమట ఆరుతుంది. ఇక్కడ కట్టుకున్న చీర పొద్దున్నుంచి రాత్రి దాకా ఒంటికి అంటుకునే ఉంది. పైగా సముద్రం మీదనుంచి గాలి కొట్టినప్పుడల్లా పొయ్యి మంట ఆరిపోయేది. సముద్రం గురించి ఆమెకు తొలిరోజు తెలిసింది ఇంతే, అది పొయ్యి ఆర్పుతుంది.

పొద్దున అందరూ బీచికి పోయారు. స్వరూప ఉప్మా దింపి, చేతులు కడుక్కుని, కొంగుతో మొహం తుడుచుకుని పరిగెత్తినట్టే వెళ్లింది. ఇసుకలో దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నిలబడితే ఒక అల వచ్చి పాదాల కింది ఇసుకను లాక్కుపోయింది. నవ్వొచ్చింది ఆమెకు. ఇంతలో నాగప్ప తడిసిన ప్యాంటుతో ఒడ్డుకొచ్చి, "ఆకలైతుంది, ఉప్మా అయ్యిందా?" అన్నాడు. అతని వెనకే మిగతావాళ్లూ వచ్చారు. ఉప్మా వడ్డించడానికి ఆమె వెనక్కి నడిచింది.

నీళ్లలో మునిగే ఓడను ఇప్పుడు ఒడ్డున నిలబెట్టారు, టిక్కెట్టు తీసుకుని లోపలికెళ్లి చూడొచ్చు. అక్కడ పెంటమ్మ మోకాళ్లు పట్టేశాయి. ముసలమ్మను ఒంటరిగా ఎలా వదులుతామన్నారు. బయట చెట్టు నీడలో అత్త పక్కన, నలభై మంది చెప్పుల కాపలాకు, స్వరూప కూర్చుంది. నిజానికి చెప్పులు విప్పాలని ఎవరూ అనలేదు. గుడికి పోయినట్టు అలవాటు కొద్దీ మనవాళ్లే విప్పేశారు. కైలాసగిరి మీద సముద్రం బాగానే కనిపించింది, జనం తలల మధ్యనుంచి. కొండ దిగే తొందరలో లక్ష్మణ్ గడియారం చూస్తూ, "వదినా, జర పోంగనే బియ్యం వెయ్యాలె, అందరు ఆకలిమీదున్నరు," అన్నాడు.

"మీ వదిన ఇంకా సముద్రం చూడలే," అంది స్వరూప.

లక్ష్మణ్ అది సరదా మాటనుకుని నవ్వాడు.

ఆమెకు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. ఆ విసుగు ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఎవరూ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. అందరూ మెచ్చుకుంటూనే ఉన్నారు. బీచిలో మిరపకాయ బజ్జీలు, ముంత మసాలా కొనుక్కుని తిన్నవాళ్లు, మాడుగుల హల్వా పొట్లాలు కట్టించుకున్నవాళ్లు, సత్రానికొచ్చి ఆమె చేసిన రొట్టెలూ తిన్నారు. అవేవీ నీసు కావు కదా, తినొచ్చు. స్వరూప కూడా తినొచ్చు. తినడానికి బీచిలో ఉండాలి, అంతే.

మూడోనాటి మధ్యాహ్నం మగవాళ్లు ఓడరేవు చూసొస్తామని బయల్దేరారు. పెద్ద పెద్ద ఓడలు, క్రేన్లు ఉంటాయట. స్వరూప పొయ్యి కట్టేసి, కొంగు సర్దుకుని, "నేను గూడ వస్త," అంది.

"ఆడికి ఆడోళ్లను రానియ్యరు," అన్నాడు నాగప్ప.

"ఎవరు రానియ్యరు?"

"ఎవరో ఒకరు. నువ్వు ఆడికొచ్చి ఏం జేస్తవ్? పొద్దుగూకేవరకు వస్తం, రొట్టెలు చేసిపెట్టు."

పొద్దుగూకాకే వచ్చారు. అందరూ హుషారుగా ఉన్నారు, ఎవరికీ ఆకలి లేదు. నాగప్ప ఒక రొట్టె తుంచి, పల్లీల కారంలో అద్ది, నమిలినట్టు చేసి పళ్లెం పక్కకు జరిపాడు. చెయ్యి కడుక్కోవడానికి లేస్తే స్వరూప చెంబుతో నీళ్లు పోసింది. ఆ నీళ్లతో పాటు అతని వేళ్ల సందుల్లోంచి వాసన లేచింది. నిమ్మకాయ పిండిన వేపుడు చేప వాసన. దానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

స్వరూప చెంబు దించకుండా అడిగింది. "చేప తిన్నవా?"

"ఎవడు చెప్పిండు?"

"నీ చెయ్యే చెప్తుంది."

నాగప్ప అటూ ఇటూ చూశాడు. వరండా చివర గోడకానుకుని పెంటమ్మ కూర్చుని ఉంది. ముక్కు మీదికి కొంగు లాక్కుని, చూపు పక్కింటి లుంగీల మీద నిలిపింది. ఆ వాసన ఆమెకూ తగిలిందన్న సంగతి దాచినా దాగలేదు.

"అందరు తిన్నరు. నేనొక్కన్ని మొహం తిప్పుకోని కూసుంటే బాగుంటదా?" అన్నాడు నాగప్ప గొంతు తగ్గించి. "మగోళ్లం, బయట తిన్నం. తెల్లారి తలస్నానం చేస్తే పాయె. నువ్వు గట్ల గాదు. నీ చేతిల నుంచి అందరికి అన్నం పోతది. నువ్వు నీసు ముడితే బస్సు మొత్తం మైల."

 స్వరూప ఇన్ని రోజులూ తనను తాను సముదాయించుకున్నది ఒక్కటే మాటతో. నియమం అందరికీ ఒకటే, నా ఒక్కదానికే కాదు కదా అని. ఇప్పుడు చూస్తే నియమం మోసేది తానొక్కతే. వంట చేస్తుంది కాబట్టి మడిగా ఉండాలి, మడిగా ఉంది కాబట్టి వంట తనే చేయాలి. ఈ గుంజకు తనను ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో ఎంత ఆలోచించినా దొరకలేదు.

"నన్ను వంటకు వెట్టిందెవరు? నేనేమన్న వంటమనిషి లెక్క వచ్చిన్నా? చేన్ల క్రాసింగ్ చేసింది నేను. ఈ బస్సు నా చేతులకు వచ్చింది," అంది.

ఆ మాట గట్టిగానే వచ్చింది. లోపలున్నవాళ్లు మాటలు ఆపారు.

"సాకు, సాకు," అంది పెంటమ్మ. చాలు అనడానికి ఆమె నోట్లో వచ్చే కన్నడ మాట అది. "చిన్న మాటను పెద్దగ చెయ్యకు. మగపిల్లగాడు ఏదో తిన్నడు. దేవుడు చూసుకుంటడు. నువ్వు దినాం తినే రొట్టె తిని పండుకో."

"నీకు తెస్త గద," అన్నాడు నాగప్ప బతిమాలుతున్నట్టు. "దర్శనం కానియ్యి, పార్శిల్ కట్టిపిచ్చి తెస్త. ఎవరికి తెల్వకుంట తిందువు."

అతని మాటలో మోసం లేదు. నిజంగా తేవాలనే అనుకున్నాడు. ఆ సంగతి తెలిసే స్వరూపకు ఇంకా విసుగెత్తింది. మొగుడు దుర్మార్గుడైతే తిట్టి పడేయొచ్చు. అర్థం కానివాడితో ఏం చెయ్యాలి? మిగిలిన రొట్టెలు గుడ్డలో చుట్టిపెట్టి, తాను మాత్రం ఏమీ తినకుండా పడుకుంది. ఆమె తినలేదన్న సంగతి ఎవరూ గమనించకపోవడం కూడా ఆమె గమనించింది.

సింహాచలంలో జనం తోసుకుంటున్నారు. అందరూ తలస్నానాలు చేసి, నామాలు పెట్టుకుని, లోకంలో తమంత నిష్ఠాపరులు లేనట్టు వరసలో నిలబడ్డారు. చందనం పూతలో మునిగిన స్వామి ముందు పెంటమ్మ కళ్లు తుడుచుకుంది. స్వరూప చేతులైతే జోడించింది, మొక్కు ఏదీ నోటికి రాలేదు. ఆయనకు వేళకు నైవేద్యం ఉన్నచోటికే వస్తుంది, ఆయన ఏ రోజూ చేతులు కాల్చుకోలేదు, తన గోడు ఆయనకేం అర్థమవుతుందని అనుకుంది. అలా అనుకున్నందుకు భయపడాల్సింది. భయం కూడా వేయలేదు, అంత విసిగిపోయి ఉంది.

కొండ దిగాక బస్సు నేరుగా ఇంటిదారి పట్టాలి. పట్టలేదు. మగవాళ్లు లక్ష్మణ్ చుట్టూ మూగారు. ఊళ్లోవాళ్లు ఎండుచేపలు తెమ్మన్నారట, చేపల రేవు దగ్గర మంచివి దొరుకుతాయట, మళ్లీ విశాఖలోకి పోయి గంటసేపు ఆగితే చాలట.

"దర్శనం అయినంక ఆగొద్దు గద?" అంది స్వరూప, బస్సంతటికీ వినబడేటట్టు.

జవాబు పెంటమ్మ చెప్పింది. "తినడానికి ఆగుతలేం గద. కొనుకపోతే తప్పు లేదు. తినుడే తప్పు."

ఇంత తేలిగ్గా వంగే నియమం తన దగ్గరికొచ్చేసరికి ఇనుప కడ్డీలా ఎందుకు బిగిసిందో స్వరూపకు అంతుపట్టలేదు.

చేపల రేవులో బస్సు ఆగింది. రంగురంగుల పడవలు ఒకదానికొకటి ఆనుకుని ఊగుతున్నాయి. పెంటమ్మ ముక్కు మూసుకుని బస్సులోనే కూర్చుంది. మిగతావాళ్లంతా దిగి నెత్తళ్లు, ఎండురొయ్యలు బేరమాడుతున్నారు. ఊరికి చేరేసరికి బస్సు టాపు మీది సంచులన్నిటికీ ఆ వాసనే పడుతుంది, దానికి మైల లేదు. స్వరూప కూడా దిగింది. దూరంగా నీలం పట్టా కప్పిన చిన్న హోటలు. బయట రెండు బల్లలు. పడవల మీదివాళ్లు ఇద్దరు ముగ్గురు కూర్చుని తింటున్నారు. ఒకావిడ పెద్ద సత్తు గిన్నెలోంచి పులుసు వడ్డిస్తోంది. చింతపండు పులుసు ఉడికిన వాసన గాలిలో ఇక్కడిదాకా వచ్చింది.

ఇంతలో నాగప్ప పరిగెత్తుకొచ్చాడు. చేతిలో నూనె పీల్చుకున్న పేపరు పొట్లం. మొహం వెలిగిపోతోంది. మాట నిలబెట్టుకున్నవాడి మొహం అది.

"దీస్కో. వంజరం చేప. సీట్ల కూసోని కొంగు చాటుకు వెట్టుకోని తిను. జల్ది తిను, అమ్మకు కనపడకుంట."

స్వరూప ఆ పొట్లం వైపు చూసింది. అందులోది అప్పటికే చల్లారిపోయింది. ఆమె ఆరాటమంతా ఈ పొట్లం కోసమేనని అతను నిజంగా నమ్ముతున్నాడు.

"నాకొద్దు," అంది.

"ఏంది వద్దు? ఇన్ని దినాల సంది ఇదే గద నీ లొల్లి."

"నా లొల్లి చేప కోసం గాదు. దొంగ లెక్క కొంగు చాటుకు మింగెతందుకు గాదు నేనొచ్చింది. నన్ను కూసోవెట్టి ఒకరు వడ్డియ్యాలె. ఒక్కపూట. గంతే."

నాగప్పకు పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అతను ఇంకేదో అనేలోపే స్వరూప నీలం పట్టా వైపు నడిచింది.  వెళ్లి ఖాళీ బల్ల మీద కూర్చుంది.

"ఏటమ్మా, ఒక్కదానివే వచ్చినావేటి?" అంది హోటలావిడ, చేతులు తుడుచుకుంటూ.

"ఒక్కదాన్నే. అన్నం వెట్టక్కా."

రవికెలోంచి నోటు తీసి బల్ల మీద పెట్టింది స్వరూప. ఆవిడ దాని మొహం కూడా చూడకుండా విస్తరాకు పరిచి, నీళ్లు చల్లి, పొగలు కక్కే అన్నం పెట్టి, మీద ఎర్రటి పులుసు పోసి, ఒక ముక్క వేసింది. స్వరూప బాసింపట్టు వేసుకుంది. ఇరుకు బల్ల మీద అది కుదరలేదు, ఒక కాలు కిందికి వదిలేసి సర్దుకుంది. మొదటి ముద్దకే నాలుక కాలింది. ఇంత వేడి అన్నం తాను తిని ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. పులుసులో ఉప్పు కాస్త ఎక్కువే పడింది. అయినా అది ఇంకొకరు వేసిన ఉప్పు.

బస్సు హారను మోగింది. సంచులు టాపు మీదికెక్కాయి, అందరూ ఎక్కి కూర్చున్నారు. కిటికీల నిండా తలలు, అన్నీ ఇటే చూస్తున్నాయి. పెంటమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపి ఏదో అంటోంది. నాగప్ప సగం దారి దాకా వచ్చి, పొట్లం పట్టుకుని, అక్కడే ఆగిపోయాడు.

లక్ష్మణ్ వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. "వదినా, ఏంది గిది. అందరు పరేషాన్ అయితున్రు. బస్సు పోతుంది."

"పోనియ్యన్నా."

"దర్శనం అయినంక గిట్ల..."

"తప్పైతే నాకే తాకుతది. మీరు పోండి."

లక్ష్మణ్ వెళ్లి డ్రైవరుతో మాట్లాడాడు. డ్రైవరు ఇంజను గట్టిగా మోగించి బస్సును ముందుకు కదిపాడు. నాగప్ప కంగారుగా బస్సు వైపు పరిగెత్తి, మళ్లీ వెనక్కి తిరిగి చూశాడు.  స్వరూప చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తెలియని ఊరు, తెలియని మనుషులు, చేతిలో ఒక్క నోటు, అది కూడా బల్ల మీద ఉంది.

బస్సు కాస్త దూరం పోయి ఆగింది. ఇంజను కొట్టుకుంటూనే ఉంది. ఎవరూ దిగలేదు, బస్సు మళ్లీ కదల్లేదు.

స్వరూప దాన్నే చూస్తూ కూర్చుంది. మెల్లగా ఆమెకు అర్థమైంది. ఇల్లు చేరడానికి ఇంకా ఒక రాత్రి, ఒక పగలు ఉంది. టాపు మీద పొయ్యి ఉంది, సంచిలో సగం జొన్నపిండి ఉంది, లోపల నలభై కడుపులున్నాయి. వాళ్లు తీసుకొస్తే తాను వచ్చానని ఇన్నాళ్లూ అనుకుంది. తాను లేకుండా ఆ బస్సు రాజమండ్రి కూడా దాటదు. ఈ సంగతి వాళ్లందరికీ ముందునుంచీ తెలుసు. తెలియంది తనకొక్కదానికే.

నవ్వొచ్చింది, దానితో పాటే కళ్లలో నీళ్లూ వచ్చాయి. పులుసు కారమైందనుకుని హోటలావిడ నీళ్ల గ్లాసు దగ్గరికి జరిపింది.

"ఇంకో ముక్క ఎయ్యమంటావేటమ్మా? తలకాయుంది, తోకుంది, నడుం ముక్కుంది."

ఇంట్లో నడుం ముక్కలు నాగప్పకు, పిల్లలకు. తలకాయ పెంటమ్మకు. స్వరూప వంతుకు ఎప్పుడూ తోకే, అది కూడా మిగిలితే. ఏది కావాలని ఆమెను అడిగినవాళ్లు లేరు, అందుకే జవాబు చెప్పడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. అవతల హారను మళ్లీ మోగింది.

"నడుం ముక్క వెయ్యక్కా," అంది స్వరూప. "అన్నం గూడ పెట్టు. నాకేం తొందర లేదు."